లంక బావగారు

బావగారి శవపెట్టెను మా రేవులో దింపనివ్వలేదు.

పడవ ఒడ్డుకి ఆని ఉంది. పెట్టె మీద తెల్ల దుప్పటి, దాని మీద బంతిపూల దండలు. ఆయన కూతురు పెట్టె అంచు పట్టుకుని పడవలోనే కూచుంది. పాస్టరు గారు ఒక కాలు పడవలో, ఒక కాలు మెట్టు మీద వేసి, దిగాలో మానాలో తెలియక అలాగే నిలబడిపోయారు. మెట్ల పైన మా ఊరివాళ్ళు కొందరు. ఎవరూ కేక వెయ్యలేదు, ఎవరూ తిట్టలేదు. మా కోనసీమలో అన్యాయం కూడా చేతులు కట్టుకునే చేస్తారు. "తప్పుగా అనుకోకండి పాస్టరు గారూ. లంక వేరే పంచాయతీ అయిపోయింది కదండీ. మా శ్మశానంలో మా ఊరివాళ్ళకే చోటు చాలడం లేదండి" అన్నారు. ఆ మాట అన్నది మా ప్రెసిడెంటు. చనిపోయినాయనకి స్వయానా బావమరిది కొడుకు.

నేనక్కడే ఉన్నాను. ఊరుకోలేదు. "ఒరేయ్, ఆయన ఈ పేట అల్లుడురా! ఆయన పెళ్ళాం నీ సొంత మేనత్తరా! ఆవిడ పక్కన పడుకోడానికి వచ్చాడురా మనిషి!" అని వాడి చొక్కా పట్టుకున్నాను. వాడు నా వేళ్ళు ఒక్కొక్కటే మెల్లిగా విడదీసి, "మీరు నీడలోకి రండి పెదనాన్నగారూ, ఎండ తగులుతాది" అన్నాడు.

పడవ వెనక్కి తిరిగింది.

నేను పెద్ద చదువులు చదివినవాణ్ణి కాదు. రేవు పక్కన సైకిలు షాపు పెట్టుకుని, పంక్చర్లు వేసుకుంటూ, పకోడీల పొట్లం విప్పితే ఆ కాగితం రెండు వైపులా చదివితేగాని పారెయ్యనివాణ్ణి. అలా పోగైనదే నా చదువు. దాంతో నేను నేర్చుకున్నదేమిటంటే, జరిగిన తప్పుని జరిగినట్టు ఎవరో ఒకరు రాసి పెట్టకపోతే, కొన్నాళ్ళకి ఆ తప్పు చేసినవాళ్ళే దాన్ని ఆచారం అంటారు. అందుకే రాస్తున్నాను.

లంకంటే గోదావరి మధ్య మేటవేసిన దిబ్బ; దానికీ మాకూ మధ్య వైనతేయ పాయ ఒక్కటే. వేసవిలో కుర్రాళ్ళు నడుముల్లోతు నీళ్ళలో నడిచి వచ్చేస్తారు. వరదల్లో మాత్రం అది అమెరికా అంత దూరం. ఆయన మా పేటలో, చర్చి వెనక వీధిలో పుట్టిన పిల్లని చేసుకుని ఆ పడవెక్కించుకుపోయారు. ఆవిడ నాకు వరసకి చెల్లెలు. కాబట్టి ఆయన నాకు బావగారు, నేను ఆయనకి బావగారు. నా షాపులో సైకిలు పెట్టుకోవడం ఆయనకి అలవాటు. పొద్దున్నే దొండకాయల గంపతో పడవ దిగి, గంప సైకిలుకి కట్టుకుని సంతకి వెళ్ళి, తిరుగుదారిలో నా బల్ల మీద కూచునేవారు.

ఆయన పడవ దిగే పద్ధతి చూడాలి. చెప్పులు చేత్తో పట్టుకుని దిగేవారు. రేవులో కాళ్ళు శుభ్రంగా కడుక్కుని, తుండుతో తుడుచుకుని, అప్పుడు తొడుక్కునేవారు. వెళ్ళేటప్పుడు మళ్ళీ చెప్పులు విప్పి, మళ్ళీ కడుక్కుని పడవెక్కేవారు.

"ఎందుకండీ బావగారూ రెండు సార్లు కడగడం?" అని అడిగితే, "మీ మట్టి మీకు అప్పజెప్పేస్తున్నానండి. పొరపాటున కాలికంటుకుని లంకకొచ్చేసిందనుకోండి, రేపు మీ ప్రెసిడెంటు గారు పోలీసు కేసెట్టేస్తారండి" అనేవారు. నవ్వేవారు కాదు. ఆయన వెటకారమంతా మొహం ముడుచుకునే.

ఆయన బహ్రెయినులో చాలా ఏళ్ళు డ్రైవరుగా చేసి వచ్చారు. అందరూ గల్ఫు నుంచి దుప్పట్లు, సెంటుసీసాలు తెచ్చుకుంటే ఈయన ఒక ఆలోచన తెచ్చుకున్నారు. అది ఆయన్ని చివరిదాకా వదల్లేదు.

"బహ్రెయినంటే ఏటనుకున్నారండి? లంకేనండి. చుట్టూ నీళ్ళేనండి. ఓ పూటలో ఈ కొసనించి ఆ కొసకి కారేసుకుని తిరిగొచ్చేసేవాణ్ణండి నేను. దానికో రాజున్నాడండి. జెండా ఉందండి. నోట్లున్నాయండి. పక్కనున్న పెద్ద దేశాన్ని ఎవరూ అడగరండి, దీపం ఎప్పుడెట్టాలీ, పడవ ఎప్పుడెయ్యాలీ అని. మరి మాదీ లంకేనండి. మాకేం తక్కువండి?"

"మీకు పెట్రోలు తక్కువండి" అనేవాణ్ణి నేను.

"దొండకాయలున్నాయి కదండీ" అనేవారు.

మా వాదన అలా మొదలయ్యేది. ఇరవై రకాలుగా మొదలై ఒకే చోటికి వచ్చేది. అప్పట్లో లంక మా పంచాయతీలో ఒక వార్డు. వాళ్ళ మెంబరు మీటింగుకి రావాలంటే పడవ ఉండాలి. పడవ లేని వేళే మీటింగు పెట్టేవారు మా పెద్దలు. "మా గురించి మీరు మాట్లాడుకునేటప్పుడు మేం ఎప్పుడూ నీళ్ళ మీదే ఉంటామండి" అనేవారు బావగారు. అది అబద్ధం కాదు. కుళాయి గొట్టం లంకదాకా వేస్తామని నా చిన్నప్పటి నుంచీ వింటున్నాను. మా ఒడ్డున పది దీపాలు వెలిగితే ఆ ఒడ్డున ఒక్కటి కూడా ఉండేది కాదు. అందుకని వాళ్ళు వేరే పంచాయతీ అడిగేవారు.

నేను వద్దనేవాణ్ణి. బాధ నాకు తెలియక కాదు. గోదావరి ఏటా లంకని కాస్త కొరుక్కు తింటుంది. కోతపడే నేలని నమ్ముకుని వేరు కాపురం ఏమిటి? ఆస్పత్రి ఈ ఒడ్డునే, హైస్కూలు ఈ ఒడ్డునే, బ్యాంకు ఈ ఒడ్డునే. రాజోలు బస్సు ఎక్కాలన్నా ఈ ఒడ్డుకే రావాలి. ఉమ్మడిలోనే ఉండి, మీ దీపం, మీ నీళ్ళు, మీ పడవ మీరే చూసుకునేలా ఒక కమిటీ అడగండి, పెత్తనం పంచుకోండి గాని ఇల్లు పగలగొట్టుకోకండి అనేవాణ్ణి. నేను చిన్నప్పుడు ప్రత్యేకాంధ్ర అని ఊరేగింపులూ చూశాను. పెద్దయ్యాక తెలంగాణ వేరైనప్పుడు ఇక్కడివాళ్ళ కన్నీళ్ళూ చూశాను. మొన్నమొన్న కోనసీమ వేరే జిల్లా అయితే మిఠాయిలూ తిన్నాను. వేరు పడమని అరిచిన నోరే కలిసుందామని ఏడవడం, కలిసుందామన్న నోరే వేరు పడదామనడం నాకు కొత్త కాదు. ఎవరు పైనున్నారు, ఎవరు కిందున్నారు అన్నదాన్నిబట్టి మాట మారుతుంది. బావగారి మాట మాత్రం మారలేదు. అది ఒప్పుకోవాలి.

రాష్ట్రం రెండయిన ఏడే అనుకుంటాను, ఒక రోజు పేపర్లో వార్త చూసి గట్టిగా చదివాను. "స్కాట్లండని ఓ దేశం అటండి బావగారూ. బ్రిటనులో కలిసి ఉంది. విడిపోతారా, ఉంటారా అని అక్కడి జనాన్నే అడిగేరట."

ఆయన గంప దించారు. "అడిగేరా?"

"ఆయ్. ఓటు పెట్టి అడిగేరు."

"మరి?"

"ఉంటామన్నారట."

నా వంక, పేపరు వంక మార్చి మార్చి చూశారు. "ఉంటామన్నారా! చేతిలో ఓటెట్టి, బాబూ నీకేం కావాలి అని బతిమాలితే, వద్దన్నారా! వాళ్ళ దుంప తెగ... ఇక్కడ మమ్మల్ని అడిగితే చాలురా దేవుడా అని మేం ఏడుస్తుంటే!"

"తిట్టకండి. వాళ్ళకి సొంత అసెంబ్లీ ఉందండి. బళ్ళు, ఆస్పత్రులు అవీ వాళ్ళే చూసుకుంటారు. సైన్యం, అదీ పెద్ద సర్కారు చూస్తుంది. అది చాలనుకున్నారేమో. నేను మీ లంకకి చెబుతున్నదీ అదే కదండీ."

ఆయన బల్ల మీద కూచున్నారు. "ఆ అసెంబ్లీ వాళ్ళకి ఎవరిచ్చేరండి?"

"పెద్ద సర్కారే."

"ఇచ్చిన చెయ్యి తీసుకోదాండీ?"

"అలా ఎలా తీసుకుంటాదండి? చట్టం ఉంటాది కదా!"

"ఆ చట్టం ఎవరి బీరువాలో ఉంటాదండి?"

ట్యూబు నీళ్ళలో ముంచి బుడగలు చూస్తూ కూచున్నాను.

అయినా ముందు నెగ్గింది నా మాటే. అప్పటి ప్రెసిడెంటు మంచివాడు, వృద్ధుడు. లంకకి ఒక కమిటీ వేశాడు. పడవ వేళలు, దీపాలు, మంచినీళ్ళు, ఈ మూడూ వాళ్ళే చూసుకోవచ్చన్నాడు. బావగారు దానికి పెద్ద. మొట్టమొదట ఆయన చేసిన పని, హైస్కూలు పిల్లలకి అందేలా పొద్దుటి పడవని ముందుకి జరపడం. తరవాత వాళ్ళ రేవులో ఒక కర్ర పాతి దీపం వేయించారు. మొదటి రోజు సాయంత్రం మా ఒడ్డున నా షాపు ముందు నిలబడి ఆ దీపాన్ని చూపిస్తూ, "కనపడతందాండీ?" అని వచ్చేపోయే ప్రతివాణ్ణీ అడిగారు. కనపడకేం, గుడ్డివాడికైనా కనపడేలా చూపించారు. ఆ రోజుల్లో ఆయన మా రేవులో కాళ్ళు కడుక్కోకుండానే పడవెక్కేయడం నేను చూశాను.

తరవాత ఎన్నికలొచ్చాయి. ప్రెసిడెంటు మారాడు. కొత్తాయన ఒక మీటింగులో, యథాప్రకారం పడవ లేని వేళ, లంక కమిటీ అని ఏ చట్టంలోనూ లేదు గనక ఇకనుంచి ఉండదన్నాడు. పడవ వేళలు మళ్ళీ రేవు వేలం పాడుకున్న కాంట్రాక్టరుకి వెళ్ళిపోయాయి. దీపం మాడిపోతే మార్చే దిక్కు లేకపోయింది.

ఆ మర్నాడు బావగారు వచ్చి బల్ల మీద కూచుని, తుండుతో మొహం తుడుచుకుని, "బావగారూ, మీ స్కాట్లండు అయిపోయిందండి" అన్నారు. అంతే. నాతో వాదించలేదు. నేను కూడా ఆ తరవాత ఆయనతో వేరు వద్దని అనలేదు. మనసులో మాత్రం వద్దనే ఉంది. ఇవాళ్టికీ ఉంది.

ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగారో, అమలాపురం ఎన్నిసార్లు వెళ్ళారో నేను చెప్పలేను. మొత్తానికి లంక వేరే పంచాయతీ అయింది. తుఫాను షెల్టరులో ఒక గది ఆఫీసు. జెండా ఎగరేసిన రోజు నన్ను పిలిచారు. వాళ్ళ ప్రెసిడెంటుగా ఒక అమ్మాయిని ఎన్నుకున్నారు. ఈయన కోరితే ఈయనకే ఇచ్చేవారు, "రాజుని కాదండి, డ్రైవర్నండి" అని తప్పుకున్నారు. అందరూ చాపల మీద కూచుంటే నాకొక్కడికే కుర్చీ వేయించి, "విదేశీ అతిథండి, జాగర్తగా చూసుకోండి" అని లంకంతా పరిచయం చేశారు. ఆవేళ మొదటిసారి ఆయన నవ్వడం చూశాను. కింది పలువరసలో రెండు పళ్ళు లేవని అప్పటిదాకా నాకు తెలియదు.

విడిపోయేటప్పుడు పెద్దలంతా కూచుని అన్నీ తేల్చుకున్నారు. ఏటి మధ్యలో గీత ఎక్కడ, చేపల వేలం ఎవరిది, రేషను ఎక్కడ, బడి పంతులు ఎవరి కింద. అన్నీ మాట్లాడారు. ఒక్కటి మాట్లాడలేదు. చచ్చిపోయినవాళ్ళ సంగతి. లంకలో సమాధులుండవు. తవ్వితే మూడడుగులకి నీళ్ళు, వరదొస్తే నేలే ఉండదు. ముత్తాతల నాటి నుంచీ లంకవాళ్ళని పడవలో తెచ్చి మా చర్చి పక్క శ్మశానంలోనే పెడతారు. అది ఒక పంచాయతీకి చెందిన చోటని ఎవరికీ ఎన్నడూ తోచలేదు. బడి అంటే పంచాయతీది, చెరువంటే పంచాయతీది. సమాధులంటే, అవి సమాధులు. బతికినవాళ్ళని రెండుగా పంచి, చచ్చినవాళ్ళని మరిచిపోయారు ఇటువాళ్ళూ అటువాళ్ళూ.

ఇప్పుడు ఆ శ్మశానంలో బావగారి సంగతి చెప్పాలి. మా చెల్లెలు పంచాయతీ వేరు కాకముందే పోయింది. ఏటా సమాధుల పండక్కి మా వాళ్ళందరూ సమాధులకి సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. బావగారు ముందురోజే సున్నం బాల్చీతో దిగేవారు. చొక్కా విప్పి, ఒక్కరే, కుంచెతో కాదు, కొబ్బరిపీచుతో, ఆవిడ సమాధి నాలుగు వైపులా రుద్ది రుద్ది వేసేవారు. వేసినంతసేపూ మాట్లాడేవారు. "మీ వాళ్ళు మళ్ళీ దీపం మార్చలేదే... దొండపాదుకి తెగులొచ్చిందే... మీ అన్నయ్యగారు, అదే సైకిలు షాపాయన, ఇవాళ కూడా పేపరు చదివి బుర్ర తిన్నారే..." పక్కనే నేను నిలబడి ఉన్నా సిగ్గుపడేవారు కాదు.

ఒక ఏడు సున్నం వెయ్యడం అయిపోయాక, ఆవిడ పక్కన ఖాళీగా ఉన్న చోట తుండు పరిచి, వెల్లకిలా పడుకున్నారు. చేతులు గుండెల మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని.

"ఇదేం పనండీ బావగారూ, పండగ పూటా!" అన్నాను.

"ఉండండి. చూసుకోవద్దాండీ?" కళ్ళు తెరవకుండానే కాళ్ళు జాపి చూసుకున్నారు. "సరిపోతాదండి. కొంచెం ఎడంపక్కకి తవ్వమని చెప్పండి, ఆవిడకి నా గురక పడదు." చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పువ్వులు పక్కన పెట్టేసి నవ్వారు. నేనూ నవ్వాను.

ఇప్పుడు నవ్వు రాదు.

లంక వేరయ్యాక మొదట్లో ఒకరిద్దర్ని గొణుక్కుంటూనే పెట్టనిచ్చారు. తరవాత మా పేట పెరిగింది, శ్మశానం పెరగలేదు. పక్క పొలంవాళ్ళెవరో శ్మశానంలోంచి కాస్త కలిపేసుకున్నారు కూడా, దాన్ని ఎవరూ అడగలేదు. లంకవాళ్ళని ఆపడం తేలిక కదా. పై ఊరివాళ్ళకి చోటు లేదని తీర్మానం చేశారు. పై ఊరు! కూతవేస్తే వినపడే ఊరు.

ఆ తరవాత వచ్చిన పండక్కి బావగారు సున్నం వేశారు. పడుకోలేదు. ఖాళీ చోటు వంక చూస్తూ నిలబడ్డారు. అక్కణ్ణుంచి నా షాపుకొచ్చి కూచుంటే నేనే అన్నాను.

"ఒక పని చెయ్యండి బావగారూ. నా షాపు వెనక గది ఖాళీగానే ఉంది. రేషను కార్డు ఇక్కడికి మార్పించుకోండి, ఓటు ఇక్కడ రాయించుకోండి. మా ఊరివారైపోతారు. ఎవడాపుతాడో చూస్తాను."

"చావడానికి ఊరు మారమంటారాండీ?"

"చెల్లెలి కోసం మారమంటున్నానండి."

నా బల్ల మీదున్న స్పానరు తీసి తిప్పుతూ కూచున్నారు. "ఆవిడ కోసం మారాలండి. నిజవేనండి. మారకపోతే ఆవిడ ఏమనుకుంటాదో నాకు తెలుసండి. కానండీ, లంకంతటినీ పదండి పదండి అని లాక్కెళ్ళి వేరు కాపురం పెట్టించినవాణ్ణి నేనండి. ఇప్పుడు నా చోటు నేను చూసుకుని పడవెక్కేస్తే, మిగతావాళ్ళు ఎక్కడ పడుకోవాలండి?"

"అయితే అడుగుదాం. నలుగురికీ చోటిమ్మని అడుగుదాం."

"నేనడగనండి. నేనడిగితే వేరు పడినవాడు వెనక్కొచ్చి అడుక్కున్నట్టుంటాది. నేను పోయాక మీరడగండి. మీరడిగితే మీ ఊరు అడిగినట్టుంటాది." లేచి తుండు దులుపుకుని, "నా ఒక్కడికీ కాదండోయ్. అందరికీ అడగండి. మీకు నోరు పెద్దది కదా" అన్నారు.

ఆ సంగతి మేం మాట్లాడుకున్న ఆఖరిసారి అదే. వానాకాలం ముందర పోయారు. దొండపందిరి కింద కూచుని తీగ సర్దుతూ ఒరిగిపోయారని ఆయన కూతురు చెప్పింది. ఆవిడ పక్కన చోటుందనే పెట్టె మా రేవుకి వచ్చింది. ఆయన కార్డు లంకలోనే ఉందనే వెనక్కి వెళ్ళింది. తుఫాను షెల్టరు వెనక, లంకలో కాస్త ఎత్తయిన చోట పెట్టారు. ఎత్తయిన చోటే గాని ఏటికి దగ్గర. వరద వచ్చి తీశాక ఆయన కూతురు ఫోను చేసింది.

"మావయ్యగారూ, గట్టు విరిగిందండి. ఇంకో వరదొస్తే నాన్నగారు ఉండరండి." ఏడవడం లేదు. కళ్ళల్లో నీళ్ళు అయిపోయినవాళ్ళు మాట్లాడినట్టు మాట్లాడింది.

ఆ రోజు నుంచీ తిరుగుతున్నాను. అందరికీ చోటు అడిగాను. చూద్దామన్నారు. అందరికీ కాకపోతే ఆ శ్మశానంలోంచి పొలంలో కలిపేసుకున్న ముక్క విడిపించి ఇమ్మని అడిగాను. మీటింగులో పెడతామన్నారు. వచ్చే వరదలోగా ఆ ఒక్క మనిషినైనా తెచ్చుకోనివ్వండి, ఆవిడ పక్కన ఆ చోటు ఖాళీగానే ఉంది కదా, ఆయన పడుకుని చూసుకున్న చోటే కదా, అని చివరికి అదీ అడిగాను. ఆయన వద్దన్న మాట అది. ఏటి గట్టు విరుగుతుంటే ఆయన పౌరుషం నేను మొయ్యలేకపోయాను. ప్రెసిడెంటు ఇంటి అరుగు మీద కూచుని అడిగాను, పంచాయతీ ఆఫీసులో నిలబడి అడిగాను, ఆదివారం ఆరాధన అయిపోయాక చర్చి గుమ్మంలో అందరూ వినేలా అడిగాను. ఒక్కడూ నన్ను కసరలేదు. వెళ్ళిన చోటల్లా కాఫీ ఇచ్చారు.

నిన్న పొద్దున్న ప్రెసిడెంటు తనంతట తనే నా షాపుకి వచ్చాడు. బండి దిగి, చేతులు జోడించి, ఎంతో మర్యాదగా నా బల్ల మీద కూచుని జవాబు చెప్పాడు:

"అందర్నీ అడిగేనండి పెదనాన్నగారూ. మావయ్యగారిని ఒక్కర్ని రానిస్తే రేపు లంకంతా వస్తాదంటున్నారండి, నేనేం చెయ్యనండి? అయినా అత్తా, మావయ్యా ఒక్కచోట ఉండాలనే కదండీ మీ బాధ. దానికి మాకేం అభ్యంతరం లేదండి. అత్తని తవ్వుకుని లంకకి తీసుకెళ్ళిపోమనండి. పడవ మేమే ఇస్తామండి. ఆ చోటు ఖాళీ అయితే మన ఊరివాళ్ళకి ఇద్దరికి సరిపోతాదండి."